దిగి నడవవలెను

జంక్షన్ ఇంకా ముప్ఫై గజాలుందనగా సిగ్నలక్క తల కుడిపక్కకు తిప్పి వెనక్కి చూసింది. చూడటమంటే అందరూ చూసినట్టు కాదు. వెనక బస్సుందా లారీ ఉందా అని చూస్తే ఏం లాభం? రోడ్డన్నాక ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఆ బస్సు నడిపేవాడి కళ్ళు వెతకాలి. అవి మన కళ్ళకు తగిలేదాకా తల తిప్పుకోకూడదు. తగిలాక కుడిచెయ్యి భుజం ఎత్తున, అరచెయ్యి విప్పి, తిన్నగా చాపాలి. అదీ బతిమాలుతున్నట్టు కాదు, మన వాటా దారి మనం అడుగుతున్నట్టు.

ఆమె చాపిన చేతికి తెల్లటి గ్లౌజుంది. ఎడమచేతికి లేదు. ఎడమచెయ్యి ఎలాగూ హ్యాండిల్ని వదలదు కనక దానికి ఆ సోకు అక్కర్లేదు.

బస్సు డ్రైవరు వేగం తగ్గించాడు. అద్దం వెనక అతని పెదాలు కదిలాయి. ఏదో తిట్టే ఉంటాడు. సిగ్నలక్కకు మనసు కుదుటపడింది. తిట్టాడంటే కనబడిందన్నమాట. ఇంక తొందర లేకుండా, బెరుకు లేకుండా రోడ్డు మధ్యకు వచ్చేసింది.

ఎర్రలైటు పడింది. మామూలు సైకిలు మనిషైతే బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్యనున్న సందులోకి దూరి నిలబడతాడు. అది చావు సందు. అక్కడున్నవాడు బస్సు అద్దంలో కనబడడు. బస్సు ఎడమకు తిరిగిందంటే వాణ్ణి చక్రం కింద వెతుక్కోవాల్సిందే. సిగ్నలక్క బస్సుకు ఎదురుగా, సరిగ్గా డ్రైవరు ముక్కు కింద ఆగింది. ఎడమకాలు నేల మీద, కుడికాలు పైకెత్తి పెట్టుకున్న పెడలు మీద. పచ్చలైటు పడగానే ఒక్క తొక్కుకు బండి కదలాలి. తడబడితే వెనకవాడికి లోకువైపోతాం.

జంక్షన్ మధ్య గొడుగు కింద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు అక్కణ్ణించే కేకేశాడు. ఆమెకు ఆ పేరు పెట్టింది ఇతనే.

"అక్కా, ఇవాళ ఎన్ని నోళ్ళు?"

"నాలుగు తమ్ముడూ! ఒకటి పూర్తిగా బోసి!"

ఈ ముక్క విని పక్కనున్న స్కూటరు మనిషి బిత్తరపోయి చూశాడు. చూడడూ మరి! సైకిలు క్యారియర్‌కు కట్టిన చెక్కపెట్టెలో, పాత కాగితాల్లో చుట్టిన దవడలున్నాయని అతనికేం తెలుసు? పళ్ళ డాక్టర్లు జనం నోళ్ళలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చులు తీస్తారు. వాటిని క్లినిక్కుల నుంచి ల్యాబుకు చేర్చాలి. ల్యాబులో ఆ అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చేస్తారు. వాటిని మళ్ళీ క్లినిక్కులకు చేర్చాలి. పంతొమ్మిదేళ్ళుగా సిగ్నలక్క చేస్తున్నది అదే. ఊళ్ళో చాలామంది నవ్వులు ఒకప్పుడు ఆమె పెట్టెలో ప్రయాణం చేసినవే. ఆమెకు మాత్రం పైవరసలో రెండు పళ్ళు లేవు. దీపం కింద చీకటన్నట్టు, అవి పెట్టించుకోవడానికి ఎప్పుడూ తీరిక కుదరలేదు. నవ్వినప్పుడు గ్లౌజు చెయ్యి అడ్డం పెట్టుకునేది.

పచ్చలైటు పడింది. అయిదు రోడ్లు కలిసే ఆ జంక్షన్‌లో, వెనక బస్సూ పక్కన కార్లూ కాచుకుని ఉండగా, యాభై నాలుగేళ్ళ ఆ బక్కపలచటి మనిషి నీలం కోటు ఎగురుతుండగా అందరికంటే ముందు కదిలింది. కుడికి తిరిగింది. ఒకటిన్నర నిమిషంలో అవతల తేలింది.

నిజానికి ఆ ఉద్యోగం ఆమెది కాదు. సైకిలూ ఆమెది కాదు. రెండూ భర్తవే. ఆయనకు పుట్టుకతోనే జంకు. రోడ్డు మీద అంచునే, ఫుట్‌పాత్ రాళ్ళను ఒరుసుకుంటూ పోయేవాడు. అంచున పోతే ఎవరి జోలికీ పోనట్టని ఆయన నమ్మకం. ఒకరోజు అంచున ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. ఆయన ఎగిరి పడ్డాడు. మోకాలు నుజ్జయింది. ఆసుపత్రికి చూడటానికొచ్చిన పాత ఓనరు, మంచం పక్కన నిలబడి నసుగుతూ, "ఓ వారం రోజులు పళ్ళెవరు మోస్తారో ఏమిటో" అన్నాడు. "నేను మోస్తాను" అంది ఈమె. ఆ వారం ఇంకా అవలేదు.

మొదట్లో ఆమె కూడా అంచునే పోయింది. తోటివాళ్ళంతా అలాగే పోతుంటే ఉలిపికట్టెలా తనొక్కతే వేరే దారి పట్టడమెందుకని. ఒకనాడు బస్సు కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ డ్రైవరు తర్వాతి స్టాపులో బండి ఆపి, కిటికీలోంచి సగం బయటికి వంగి, వెనకే వచ్చిన ఆమెకు చెప్పాడు. "అమ్మా, అంచున నక్కి నక్కి పోతే నువ్వు నాకు కనబడవు. మధ్యలోకి రా. తిట్టుకుంటాను గానీ గుద్దను."

చదువు చెప్పిన పంతుళ్ళెవరూ ఆమెకు గుర్తులేరు గానీ ఆ ముక్కూ మొహం తెలియని డ్రైవరు మాట మాత్రం శిలాశాసనమైపోయింది. తిట్టుకుంటాను గానీ గుద్దను. ఆ తర్వాతే గ్లౌజు వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఒంటి మీద గీత పడలేదు.

భర్త కాలు అతికింది గానీ ఆయన మళ్ళీ రోడ్డెక్కలేదు. తను దాటలేని జంక్షన్‌ను పెళ్ళాం రోజుకు ఆరుసార్లు దాటడం ఆయనకు మింగుడుపడలేదు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే రోజూ ఒకటే మాట, "అంచున పో." సాయంత్రం రాగానే ఒకటే ప్రశ్న, "ఇవాళ ఎంతమంది తిట్టారు?" ఆయన ఎగతాళికి అడిగేవాడు. ఆమె నిజంగానే తలుచుకుని, "తొమ్మిదిమంది" అనో "పదకొండుమంది" అనో చెప్పేది.

ఇల్లంటే ఒక గదీ, ఒక వంటిల్లూ. రెంటికీ మధ్యనున్న గుమ్మం దగ్గర ఆయన కుర్చీ. బాగులేని కాలు గుమ్మానికి అడ్డంగా చాపుకుని కూర్చునేవాడు. నీళ్ళ బిందెతోనో, అన్నం గిన్నెతోనో ఆమె ఆ కాలు దాటుకుంటూ తిరిగేది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆయన దాన్ని ముడవలేదు. ముడవమని ఆమె అడగనూ లేదు. ఊళ్ళో బస్సులు ఆగి దారిచ్చే మనిషికి ఇంట్లో దారి లేదు. రోడ్డంటే ఆమెకు ఎందుకంత ఇష్టమో వేరే చెప్పాలా?

ఆ పొద్దున ఆమె ల్యాబు మెట్లెక్కి పెట్టె దించేసరికి కొత్త ఓనరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొత్త ఓనరంటే పాత ఓనరు కొడుకే. ల్యాబు రెండో అంతస్తులో ఉంది; కింద చెప్పుల దుకాణం. ఆ కిటికీలోంచి చూస్తే జంక్షన్ అంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. తండ్రి ఆమెను "అమ్మాయ్" అనేవాడు. కొడుకు "ఆంటీ" అంటాడు. ఆ పిలుపు ఆమెకు నచ్చదు గానీ జీతమిచ్చే నోటిని ఏం దిద్దగలం?

"ఆంటీ, ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు, టైపు చేసిన కాగితం ముందుకు జరుపుతూ.

ఆమె కూడబలుక్కుని చదివింది. జంక్షన్ల వద్ద సైకిలు దిగి, తోసుకుంటూ, పాదచారుల దారిలో నడవవలెను. అట్లు చేయనిచో ఉద్యోగము నుండి తక్షణము తొలగింపబడుదురు. తదుపరి ఏమి జరిగినను ల్యాబు వారికి బాధ్యత లేదు.

"ఏంటి బాబూ ఇది?"

"మీ మంచికే ఆంటీ. పోయిన నెల కొరియరతన్ని ఇదే జంక్షన్‌లో గుద్దేశారు కదా. వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఇంకా పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరుగుతున్నారు. మిమ్మల్ని ఈ కిటికీలోంచి చూస్తుంటే నా గుండె ఆగిపోతోంది. బస్సుల ముందు, నడిరోడ్డు మీద, ఆ చెయ్యి చాపడం ఏంటండీ?"

"ఆ కొరియరతను అంచున పోయాడు బాబూ. లారీకి ఎడంపక్కన దూరాడు. నేను చూశాగా."

"అంచైనా మధ్యైనా గుద్దితే గుద్దినట్టేగా."

"కాదు బాబూ. మధ్యలో ఉంటే తిట్టుకుంటారు గానీ గుద్దరు. సీటు మీదున్నంతసేపే నేను బండిని. దిగితే ఎవర్నీ కాను. రెండు చేతులూ సైకిలు తొయ్యడానికే సరిపోతే, ఇంక ఏ చెయ్యి చాపను?"

"చాపక్కర్లేదు. నడిచేవాళ్ళకి లైటుంది, గీతలున్నాయి." ఓనరు గొంతు తగ్గించాడు. "మోటారుసైకిళ్ళ కంపెనీ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఈ పని మాకివ్వండని. నాన్నగారి నాటి మనిషని మిమ్మల్ని ఉంచుకున్నాను. ఇక్కణ్ణించి ఒక్కసారి మీరు సీటు మీద కనబడ్డా, ఇంక నన్ను అడక్కండి."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమెకేమన్నా అవుతుందన్న భయం ఆయనకు నిజంగానే ఉంది. కాకపోతే ఆమెకేమన్నా అయితే తనకేమవుతుందన్న భయం అంతకంటే కాస్త పెద్దది.

మూలన బల్ల దగ్గర మైనం మాస్టారు తలెత్తకుండా మైనపు పళ్ళు చెక్కుకుంటున్నాడు. పాత ఓనరు పెట్టుబడి పెడితే, ఆ ల్యాబు నిలబెట్టింది ఈయన వేళ్ళు. ఓనరు లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "పెట్టెయ్ చెల్లెమ్మా. ఆ కిటికీ ఈ ఒక్క జంక్షన్‌నే కదా చూసేది. మిగతా ఊరంతా నీదే."

సిగ్నలక్క పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. సంతకం పెట్టకపోతే రేపటి నుంచి ఇంట్లో ఉండాలి. రోజంతా ఆ కాలు దాటుకుంటూ. రోడ్డు పూర్తిగా పోవడం కంటే ఒక్క జంక్షన్ పోవడం నయం కదా అనుకుంది. పేరు రాసింది.

పదీ ఇరవైకి మొదటిసారి నడిచింది. ఫుట్‌పాత్ చివర సైకిలు దిగి, ఎడమచేత్తో హ్యాండిలూ, కుడిచేత్తో సీటూ పట్టుకుని జీబ్రా గీతల దగ్గర నిలబడింది. నడిచేవాళ్ళ లైటు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. వచ్చాక ఉండేది పద్నాలుగు సెకన్లు. ఆ పద్నాలుగు సెకన్లలో ఉత్త చేతుల మనిషి గబగబా నడిచి సగం దాటగలడు. పళ్ళ పెట్టెతో సైకిలు తోసుకునే మనిషి మూడోవంతు దాటుతుంది. ముందు చక్రం పక్కకు ఒరిగింది. పట్టుకోబోతే పెడలు పిక్కకు గుచ్చుకుంది. ఎవరో భుజం తగిలించి పోయారు. మధ్య దిమ్మె మీద చేరి మళ్ళీ రెండు నిమిషాలు ఎదురుచూసింది.

గొడుగు కింద నుంచి కానిస్టేబులు చూశాడు. "ఏంటక్కా, పంక్చరా?" అని పకపకా నవ్వాడు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందట వెనకటికి ఎవరికో. కాగితం చదివినప్పుడు రాని నీళ్ళు సిగ్నలక్క కళ్ళల్లో ఇప్పుడు తిరిగాయి.

"పంక్చరే తమ్ముడూ" అంది. "కాస్త ఆపవా వాళ్ళని, దాటతాను."

"నడిచేవాళ్ళకి మీ లైటు మీకుంది కదక్కా" అన్నాడతను, అటు తిరిగి బస్సుకు చెయ్యూపుతూ. కావాలని అన్నది కాదు. పదేళ్ళుగా ఆమె చెయ్యి చాపితే తనూ చెయ్యి చాపి లారీలను నిలబెట్టిన మనిషే. కానీ అది సైకిలు మీది సిగ్నలక్కకు. ఇప్పుడు అక్కడున్నది జనంలో ఒకతె.

ఇలా రెండు రోడ్లూ దాటేసరికి పదకొండు నిమిషాలైంది. ఆమెను వేధించింది ఆ ఆలస్యం కాదు. అంతసేపట్లో ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఒక్కరూ తిట్టలేదు.

క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చునే పిల్ల గడియారం చూపించింది. "పదిన్నరకని చెప్పి ఇప్పుడా ఆంటీ రావడం? పేషెంటు అందాకా నోరు తెరుచుకుని కూర్చోవాలా?" సిగ్నలక్క పెట్టె విప్పి సరుకు బల్ల మీద పెట్టింది. ఆమె మీద ఆలస్యమన్న మాట పడటం అదే మొదటిసారి.

తిరిగొస్తుంటే చిన్న నాలుగురోడ్ల కూడలి వచ్చింది. ఇక్కడ కిటికీ లేదు, ఓనరు లేడు. మైనం మాస్టారన్నట్టే మిగతా ఊరంతా ఆమెదే. ఎప్పటిలాగే తల తిప్పింది. వెనక వ్యాను. డ్రైవరు కళ్ళు వెతికింది, దొరికాయి. చెయ్యి చాపింది. వ్యాను వాడు వేగం తగ్గించబోయాడు కూడా. సరిగ్గా అప్పుడు, ఎందుకో ఆమెకే తెలియదు, చెయ్యి దానంతటది కిందికి వచ్చేసింది. సైకిలు అంచుకు జరిగింది. వ్యాను దూసుకుపోయింది.

ఆమె అక్కడే దిగి, కరెంటు స్తంభం పక్కన ఆగి, తన చేతిని తానే చూసుకుంది. మొగుడి ముఖం గుర్తొచ్చింది. అంచున పో, అంచున పో అని పంతొమ్మిదేళ్ళు చెవిలో జోరీగలా చెప్పినా ఆయన అంటించలేని జంకును ఆ కాగితం ఒక్కపూటలో అంటించింది. భయం గజ్జి లాంటిది. ఒకసారి అంటుకున్నాక ఒక్కచోట ఉండమంటే ఉంటుందా?

చైను ఊడింది. అక్కడే ఎక్కించుకుంది. గ్లౌజుకు నూనె మరకైంది.

మధ్యాహ్నం ల్యాబు పంపు దగ్గర కూర్చుని గ్లౌజు ఉతికింది. మామూలుగా ఇంటికెళ్ళాక ఉతుక్కునేది. ఆ రోజు ఆ మరకను అలా చేతికి పెట్టుకుని తిరగబుద్ధి కాలేదు. ఎంత రుద్దినా చూపుడువేలి దగ్గర కొంచెం మిగిలిపోయింది. ఎండ తగిలేది ఓనరు కిటికీకే. వెళ్ళి ఆయన కళ్ళెదుటే కిటికీ ఊచకు దాన్ని తాడుతో కట్టి ఆరేసింది. ఓనరు కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాడు.

తర్వాత మైనం మాస్టారు బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని అన్నం డబ్బా విప్పింది. సగం తిని మూత పెట్టేసింది.

"ఏంటి చెల్లెమ్మా, తినవేం?"

"అన్నా, నేను నడుస్తుంటే ఎవ్వరికీ కనబడట్లేదు."

మాస్టారు చేతిలో మైనపు పన్ను తిప్పి చూసుకుంటూ, "అలవాటైపోతుందిలే" అన్నాడు. తర్వాత ఎన్నో రోజులు ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు గానీ, ఆ పూటకు అంతకంటే మంచిమాట ఆయనకు దొరకలేదు.

అయిదు దాటాక చివరి సరుకు తయారైంది. పూర్తి సెట్టు, పైదీ కిందిదీ. పొద్దున పూర్తి బోసి అని ఆమె కేకేసి చెప్పిన నోటి తాలూకు ముసలాయనదే. అచ్చు ముందే ఒకసారి తీసి సెట్టు దాదాపు చేసి ఉంచారు. పొద్దున వచ్చిన అచ్చుతో సరిచూసి నునుపు పెట్టారు. రిటైరైన స్కూలు మాస్టారట. మర్నాడు పాత విద్యార్థులంతా చేరి ఫొటో తీయించుకుంటున్నారట. పళ్ళు లేకుండా ఫొటోలో నవ్వనని ఆయన పట్టు. క్లినిక్కు ఆరింటికి మూసేస్తారు.

"ఆరులోపు చేరాలి చెల్లెమ్మా. పాపం, ముసలాయన అక్కడే కూర్చున్నాడట" అన్నాడు మైనం మాస్టారు, పళ్ళను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తూ. "ఎంత బాగా కుదిరాయో చూడు. నీకు కూడా ఆ రెండూ చేసి పెడతాను. ఈ నెలలోనే."

"నాకెందుకన్నా ఇప్పుడు" అని ఆమె నవ్వింది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యెత్తింది. గ్లౌజు లేదని గుర్తొచ్చి ఉత్త చేత్తోనే నోరు మూసుకుంది. గ్లౌజు తాకి చూస్తే ఇంకా తడిగా ఉంది. సరేలే, రేపు తీసుకుందాం అనుకుని మెట్లు దిగింది.

అయిదూ ఇరవై. జంక్షన్ కిక్కిరిసి ఉంది. ఆఫీసులు వదిలిన వేళ. ఆమె సైకిలు పట్టుకుని ఫుట్‌పాత్ చివర నిలబడింది. సీటెక్కితే ఒకటిన్నర నిమిషం. నడిస్తే పదకొండు, ఈ రద్దీలో పదిహేను. కాలు పెడలు మీద పెట్టింది కూడా. అప్పుడు తలెత్తి పైకి చూసింది. కిటికీలో ఓనరు టీ కప్పుతో నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ఊచకు గ్లౌజు వేలాడుతోంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

పెడలు మీది కాలు ఆమె కిందికి దించింది.

ఓనరు అది చూశాడు. బాగుందన్నట్టు తలూపాడు. కప్పు పెట్టడానికి వెనక్కి తిరిగాడు.

ఆ మూలన ఎడమకు తిరిగే బళ్ళకు లైటుతో పనిలేదు, సందు దొరికితే తిరిగిపోవచ్చు. ఎడమకు తిరిగేవాడు కుడిపక్కకు చూస్తాడు, అటు నుంచే కదా బళ్ళొచ్చేది. నడిచేవాళ్ళ లైటు పచ్చగా వెలిగింది. సిగ్నలక్క రెండు చేతులా సైకిలు పట్టుకుని రోడ్డు మీదికి దిగింది. తెల్లకారు ఒకటి తిరుగుతోంది. అలవాటు చొప్పున ఆమె దాన్ని నడిపేవాడి కళ్ళు వెతికింది. అతని తల అటు తిరిగి ఉంది. ఆమె చూస్తూనే ఉంది. అతను ఇటు తిరగలేదు.

హారన్ మోగలేదు. ఎవరూ తిట్టలేదు. కానిస్టేబులు పరిగెత్తుకుంటూ వచ్చేసరికే అంతా అయిపోయింది. "నాకు కనబడలేదు సార్, ఒట్టు, కనబడనే లేదు" అని కారు మనిషి తల పట్టుకుని ఏడుస్తున్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు.

ఓనరు ఆ సాయంత్రమే కాగితం బయటికి తీసి, నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి పోలీసులకు చూపించాడు. "దిగే నడిచింది సార్. నా కళ్ళతో చూశాను. మా వైపు నుంచి ఏ లోపమూ లేదు" అన్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళూ నిజమైనవే, ఆ కాగితమూ నిజమైనదే. కాగితానికి మాత్రం తడి తగలలేదు.

ఇంటికి కబురు తీసుకెళ్ళింది కానిస్టేబులే. తలుపు తెరిచే ఉంది. గుమ్మం దగ్గర కుర్చీలో ఆయన, అడ్డంగా కాలు. వచ్చింది పెళ్ళామనుకుని తల తిప్పకుండానే, "ఇవాళ ఎంతమంది తిట్టారు?" అన్నాడు.

కానిస్టేబులు టోపీ తీశాడు. ఎలాగో చెప్పాడు. ఎక్కడ జరిగిందో, ఎలా జరిగిందో. దిగి నడుస్తుండగా అని చెప్పాడు.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "నడుస్తుండగానా? కాదు బాబూ, ఎవరో వేరే మనిషై ఉంటుంది. మా ఆవిడ దిగదు."

"అక్కేనండీ. నాకు తెలియదా?"

"నీకు తెలియదు. అంచున పోవే అంటే పంతొమ్మిదేళ్ళు వినలేదు. అంచుకే పోని మనిషి దిగుతుందా? అది దిగదు." ఆయన గొంతు పెరిగింది. "ఎవరు దింపారు దాన్ని?"

పొద్దున తను నవ్విన నవ్వు గుర్తొచ్చి కానిస్టేబులు నిలువునా చచ్చిపోయాడు. నీళ్ళు తాగుతారా అని అడిగాడు. వంటింట్లోకి వెళ్ళబోతే ఆయన ఆ బాగులేని కాలును రెండు చేతులా పట్టుకుని, బాధతో మూలుగుతూ, మెల్లగా ముడుచుకున్నాడు. గుమ్మంలో దారి ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున మోటారుసైకిళ్ళ కంపెనీ మనిషి వచ్చి పని అందుకున్నాడు. చెక్కపెట్టె పగిలింది గానీ లోపలి ప్లాస్టిక్ డబ్బాకు ఏమీ కాలేదు. ముసలి మాస్టారి పళ్ళు తొమ్మిదింటికల్లా క్లినిక్కుకు చేరాయి. ఆయన ఫొటోలో నిండుగా నవ్వాడట. బాగా కుదిరాయని, తెచ్చిన మనిషికి కూడా కృతజ్ఞతలు చెప్పమని ఫోన్ చేయించాడు. ఆ ఫోనెత్తిన మైనం మాస్టారు, చెబుతానన్నాడు.

ఓనరు ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి టీ తాగడం లేదు. కుర్చీ కూడా అటు వీపు పెట్టి వేసుకున్నాడు. ఆ గ్లౌజును ఎవరైనా తీసేస్తే బాగుండునని ఆయన అనుకుంటాడు గానీ, తనంతట తను లేచి వెళ్ళి తీయడు. మైనం మాస్టారు తీయనివ్వడు. కింద అయిదు రోడ్ల మీద బళ్ళు పోతూనే ఉన్నాయి. పైన కిటికీ ఊచకు, చూపుడువేలి దగ్గర చైను నూనె మరక ఇంకా పూర్తిగా వదలని ఆ తెల్ల గ్లౌజు ఎండకు బిరుసెక్కి వేలాడుతోంది.